కొండల చలికి జాకెట్ ఎంచుకోవడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరేవాళ్ల కోసం

మన జిల్లాల్లో చలి జాకెట్ కొనడంలో ఒక చిక్కుంది. కొనే చోట చలి ఉండదు. షాపులో వేసుకుని అద్దం ముందు నిలబడితే అయిదు నిమిషాల్లో వీపు తడుస్తుంది, ఎంత పలుచటిదైనా వెచ్చగానే అనిపిస్తుంది, అదే చాలనుకుని కొనేస్తారు. లేదంటే మంచు కొండలంటే భయపడి, షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా లావుదాన్ని పట్టుకొస్తారు. రెండో తప్పే ఎక్కువ మంది చేస్తారు. ఆ లావు జాకెట్‌తో గంటసేపు ఎక్కితే లోపలంతా చెమటే. పైన ఆగి గాలికి నిలబడగానే ఆ చెమటే వణుకు పుట్టిస్తుంది.

జాకెట్ తనంతట తాను వేడి పుట్టించదు. లోపలి దూదిలోనో నూగులోనో చిక్కుకున్న గాలి మీ ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. కాబట్టి షాపుకు వెళ్లే ముందే రెండు సంగతులు తేల్చుకోవాలి: ఎంత చలిలో వేసుకుంటారు, అప్పుడు మీరు నడుస్తుంటారా, కూర్చుని ఉంటారా.

1. వెళ్లే చోటి చలిని అంకెల్లో రాసుకోండి

ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. జనవరి తెల్లవారుజామున శ్రీకాకుళంలో 17 డిగ్రీలుంటే అక్కడ 7 చుట్టుపక్కల ఉంటుందని లెక్క. సాలూరు మీదుగా వెళ్లే దేవ్‌మాలి 1672 మీటర్లు, అక్కడ ఇంకో డిగ్రీ తక్కువ.

ఈ లెక్క లోయల్లో తప్పుతుంది. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తే అయినా కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి పోతుంది. మబ్బు, గాలి లేని రాత్రి నేల త్వరగా చల్లారిపోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంట దిగి పల్లంలో నిలుస్తుంది. అరకు పల్లాల్లో తెల్లవారుజామున వణికించేదీ ఇదే. అందుకే గుడారం వేసేటప్పుడు వాగు ఒడ్డున అడుగు పల్లాన్ని వదిలి, కాస్త ఎత్తులో చెట్ల చాటు చూసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత గాలి. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 6 లాగా తగులుతుంది. శిఖరాల మీద, కనుమల మీద అంత గాలి మామూలే. ఇక మూడోది తడి. మన తూర్పు కనుమల చలిలో పొగమంచు, మంచు బిందువులు, ఒక్కోసారి వానా కలిసి ఉంటాయి. హిమాలయాల్లో డిసెంబరు, జనవరి చలి చాలావరకు పొడిగా ఉంటుంది. జాకెట్ లోపల ఏముండాలో తేల్చేది ఈ తడే.

ఇక్కడి నుంచి ఎక్కువగా వెళ్లే చోట్లను మూడు రకాలుగా విడదీయొచ్చు.

మొదటిది మన కొండలు: అరకు, వంజంగి, దేవ్‌మాలి, శివరాత్రి జాగారానికి మహేంద్రగిరి. సున్నా పైనుంచి 12 డిగ్రీల దాకా చలి, తడి ఉంటుంది. వీటికి లావు జాకెట్ అక్కర్లేదు. ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే పాలిస్టర్ పొర), దాని మీద పలుచటి సింథటిక్ (పాలిస్టర్ దూది) జాకెట్ చాలు.

రెండోది 3500 మీటర్ల చుట్టుపక్కలకు చలికాలంలో వెళ్లేవి. శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కి హౌరా మీదుగా చేరే, డార్జిలింగ్ దగ్గరి సందక్‌ఫూ (3636 మీటర్లు), ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ (3810 మీటర్లు) ఈ కోవలోవి. రాత్రుళ్లు మైనస్ 10 దాకా లెక్కలో పెట్టుకోండి. కేదార్‌కంఠ శిఖరానికి అర్ధరాత్రి దాటాక బయల్దేరి, సూర్యోదయం కోసం పైన నిలబడతారు. మీ జాకెట్‌కు అసలు పరీక్ష ఆ నిలబడే అరగంటే.

మూడోది 5000 మీటర్లు దాటేవి: ఎవరెస్ట్ బేస్ క్యాంప్ (5364), కిలిమంజారో (5895), లదాఖ్ శిఖరాలు. వీటికి లావు డౌన్ (బాతు నూగు) జాకెట్, దానికి పెద్ద హుడ్ (తల కప్పే టోపీ) కావాలి. ఈ మూడో రకం జాకెట్‌ను అరకుకు వేసుకెళ్తే బస్సు దిగిన పది నిమిషాలకే విప్పి చేత్తో మోసుకు తిరగాలి.

2. నడిచేటప్పుడు ఒకటి, ఆగినప్పుడు ఒకటి

ఎక్కుతున్నప్పుడు ఒళ్లు పొయ్యిలా మండుతుంది. సున్నా దగ్గర కూడా బరువు మోస్తూ ఎక్కేవాళ్లకు ఒంటి మీద ఒక బనియను, దాని మీద ఒక ఫ్లీస్, గాలి ఆపే పలుచటి విండ్‌చీటర్ సరిపోతాయి. లావు జాకెట్ ఆగినప్పుడు వేసుకోవడానికి: టీకి ఆగినప్పుడు, గుడారం దగ్గర, శిఖరం మీద, రాత్రి. మీరు కొనబోయేది ఈ ఆగినప్పటి జాకెట్ అని గుర్తుంటే సగం తికమక పోతుంది.

కదులుతూ వేసుకునే దూది జాకెట్లు కూడా ఉన్నాయి. లోపలి దూది, పై బట్ట రెండూ గాలి ఆడేలా నేసి ఉంటాయి. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లకు, పర్వత పరుగుకు వెళ్లేవాళ్లకు బాగా పనికొస్తాయి. ఆగితే మాత్రం గాలి దూసుకుపోతుంది. మొదటి జాకెట్‌గా దీన్ని కొనొద్దు.

ఒంటికి తగిలే మొదటి పొర గురించి ఇక్కడే చెప్పాలి. పొందూరు ఖద్దరు మన ఎండలకు ఎంత హాయో, మంచు కొండ మీద అంత ప్రమాదం. నూలు చెమటను పీల్చి పట్టుకుంటుంది, ఆరదు. తడి నూలు చర్మానికి అంటుకుని ఉంటే పైన ఎంత ఖరీదైన జాకెట్ వేసినా లోపల చల్లగానే ఉంటుంది. లోపలికి పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని వేసుకోండి. క్రికెట్ ఆడే పాలిస్టర్ టీషర్టు కూడా నూలు బనియను కన్నా నయం. జీన్స్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

3. లోపల ఏముందో చూడండి: డౌనా, సింథటిక్కా

డౌన్ అంటే బాతుల పొట్ట దగ్గర, పెద్ద ఈకల కింద ఉండే మెత్తటి నూగు. దీనికి మధ్యలో కాడ ఉండదు. చిన్న చిన్న పోగులు అన్ని వైపులకూ విచ్చుకుని గాలిని పట్టుకుంటాయి. బూరుగు దూది పరుపును ఎండలో వేసి దులిపితే ఎలా పొంగుతుందో, నొక్కి సంచిలో పెట్టిన డౌన్ జాకెట్ బయటికి తీసి దులిపితే అలా పొంగుతుంది. ఆ పొంగే వెచ్చదనం. పొంగు లేకపోతే డౌన్ లేనట్టే.

నీళ్లు తగిలితే ఆ పోగులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. తడిసిన డౌన్ జాకెట్ రెండు పలుచటి నైలాన్ గుడ్డలతో సమానం, పైగా ఆరడానికి రోజులు పడుతుంది. సింథటిక్ పాలిస్టర్ దూది తడిసినా కొంత పొంగు నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది, ఉతకడం తేలిక, ధర తక్కువ. బదులుగా అదే వెచ్చదనానికి బరువు ఎక్కువ, బ్యాగులో చోటు ఎక్కువ, పదే పదే నొక్కితే కొన్నేళ్లకు అణిగిపోతుంది. మంచి డౌన్‌ను బాగా చూసుకుంటే దానికన్నా చాలా ఎక్కువ కాలం వస్తుంది.

మా సలహా సూటిగా: మన కొండలకు, వానాకాలం ట్రెక్కులకు, బైకుకు సింథటిక్. చలికాలపు హిమాలయాలకు డౌన్, దానితోపాటు పైన వేసుకోవడానికి విడిగా ఒక రెయిన్ జాకెట్. ఒక్కటే కొనగలిగి, రెండు చోట్లకూ వెళ్లేవాళ్లు సింథటిక్ కొనుక్కుని, హిమాలయాలకు వెళ్లినప్పుడు డౌన్ అద్దెకు తీసుకోవడం మేలు. కేదార్‌కంఠ బయల్దేరే సాంక్రి లాంటి ఊళ్లలో జాకెట్లు అద్దెకిస్తారు. అద్దెకు తీసుకునేటప్పుడు జిప్పు పైనుంచి కింది దాకా రెండుసార్లు లాగి చూడండి. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర గుడ్డను వేళ్ల మధ్య పట్టుకోండి. లోపల ఏమీ తగలకపోతే నూగు ఒక మూలకు జారిపోయిందని, ఆ జాకెట్ వద్దని.

ఇప్పుడు లేబుల్ మీది అంకెలు. అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఫిల్ పవర్: 550, 650, 800. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల మేర పొంగుతుందో చెప్పే అంకె అది. ఇది నూగు నాణ్యత మాత్రమే, జాకెట్ వెచ్చదనం కాదు. లోపల ఎన్ని గ్రాములు పోశారో కూడా తెలియాలి. దాన్ని ఫిల్ వెయిట్ అంటారు. రెండూ కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది.

ఉదాహరణకు ఒక జాకెట్‌లో 800 ఫిల్ పవర్ నూగు 100 గ్రాములు, ఇంకోదానిలో 650 ఫిల్ పవర్ నూగు 150 గ్రాములు ఉన్నాయనుకోండి. గ్రాములను 28తో భాగించి, ఫిల్ పవర్‌తో గుణించండి. మొదటిది సుమారు 2850, రెండోది 3480. కొలత, కుట్లు ఒకేలా ఉంటే రెండోదే వెచ్చన. బరువు, లావు కొంచెం ఎక్కువ, ధర మాత్రం చాలాసార్లు తక్కువే. 800 అన్న అంకె చూసి మోజుపడి ఎక్కువ డబ్బు పోసేవాళ్లు ఈ చిన్న లెక్క చేస్తే చాలు. ఫిల్ వెయిట్ లేబుల్ మీద లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి. అక్కడా లేకపోతే ఆ జాకెట్‌ను పక్కన పెట్టేయండి.

మామూలు పెద్దల కొలతకు, 600–700 ఫిల్ పవర్‌కు మోటు లెక్క ఇది: 80 నుంచి 120 గ్రాములు పలుచన, పొరల మధ్య వేసుకోవడానికి. 150 నుంచి 200 గ్రాములు మధ్యరకం, కేదార్‌కంఠ లాంటివాటికి ఫ్లీస్ మీద సరిపోతుంది. 250 దాటితే లావు, మూడో రకం ప్రయాణాలకు. 90/10 అని ఉంటే నూరు పాళ్లలో 90 నూగు, 10 చిన్న ఈకలు. 70/30 అంటే ఈకలు ఎక్కువ, పొంగు తక్కువ, కాడలు గుడ్డను పొడుచుకుని బయటికి వస్తుంటాయి. బాతులు బతికుండగా ఈకలు పీకలేదని హామీ కావాలనుకునేవాళ్లు ఆర్‌డీఎస్ (రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్) గుర్తు చూసుకోండి.

సింథటిక్‌లో చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చూస్తారు. 60 పలుచన, 100 మధ్యరకం, 130 పైన లావు. ఒంటికి 100, చేతులకు 60 పెట్టి కుట్టినవి చాలా ఉంటాయి. చేతులు కదలాలి కనుక అది మంచి పద్ధతే. శీతాకాలంలో రోడ్డు పక్కన దొరికే మెరుపు పఫర్లలో (ఉబ్బుగా ఉండే జాకెట్లలో) చాలావాటికి ఈ అంకె ఏదీ ఉండదు. చౌక దూదిని రెండు గుడ్డల మధ్య వదులుగా పెట్టి కుట్టేస్తారు, రెండు ఉతుకుల్లో అది కిందికి జారి అంచులో ఉండ కడుతుంది. ఊళ్లో స్కూటరు మీద తిరగడానికి పర్వాలేదు. కొండకు మాత్రం వద్దు. ‘డౌన్ జాకెట్’ అని అమ్ముతున్నదాని లోపలి కుట్టు దగ్గర చిన్న లేబుల్ చూడండి. నింపిన సరుకు నూరు శాతం పాలిస్టర్ అని ఉంటే అది డౌన్ కాదు.

‘మైనస్ 10 వరకు’ అని రాసి ఉండే అంకె గురించి ఒక మాట. స్లీపింగ్ బ్యాగులకు అంతర్జాతీయ పరీక్ష పద్ధతి ఉంది. ట్రెక్కింగ్ జాకెట్ల మీది అంకె ఎక్కువగా కంపెనీ సొంత లెక్క. లోపల ఎన్ని పొరలుంటే, కదులుతుంటేనా కూర్చుంటేనా అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవండి. ఒకే కంపెనీ జాకెట్లను పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. రెండు కంపెనీల మధ్య పోలికకు కాదు. వేడి ఊళ్లలో పెరిగిన మనవాళ్లు ఆ అంకెకు అయిదు డిగ్రీలు కలుపుకోవడం మంచిది. మైనస్ 10 అంటే మనకు మైనస్ 5 అనుకోండి.

4. పై బట్ట, కుట్లు

జాకెట్ మీద అడ్డంగా గదులు గదులుగా కుట్లు ఉంటాయి. నూగు ఒకచోటికి జారిపోకుండా అవి ఆపుతాయి. పలుచటి, మధ్యరకం జాకెట్లలో పై గుడ్డను, లోపలి గుడ్డను కలిపి ఒకే కుట్టు వేస్తారు. ఆ కుట్టు మీద నూగు ఉండదు కాబట్టి అక్కడ చలి దూరుతుంది. పైన విండ్‌చీటరో రెయిన్ జాకెట్టో వేస్తే ఈ లోపం చాలావరకు తీరుతుంది. లావు జాకెట్లలో రెండు గుడ్డల మధ్య చిన్న గోడల్లాంటి పట్టీలు పెట్టి కుడతారు. వెచ్చన, ఖరీదు కూడా. మైనస్ 15 కిందికి వెళ్లేవాళ్లే దీనికి డబ్బు పెట్టాలి.

గుడ్డ దారం మందం డెనియర్‌లో చెప్తారు. 10 డెనియర్ ఉల్లిపొర లాంటిది, తేలిక. తూర్పు కనుమల ముళ్ల పొదల్లో మాత్రం ఒక్క రోజుకే చిరుగుతుంది. మన అడవులకు 30 లేదా ఆపైన తీసుకోండి. మంచు కొండలకు 20 చాలు.

గుడ్డ మీద నీళ్లు జారే పూత ఉంటుంది. చిటికెడు నీళ్లు చల్లితే ముత్యాల్లా దొర్లిపోవాలి. ఇది మంచు రేణువులకు, నాలుగు చినుకులకే. వానకు ఇది రెయిన్ కోటు కాదు, పది నిమిషాల్లో తడుస్తుంది. పూత ఒకటి రెండేళ్లకు అరిగిపోతుంది, స్ప్రే చేసి మళ్లీ ఎక్కించుకోవచ్చు.

నిప్పు దగ్గర జాగ్రత్త. అరకులో, వంజంగిలో క్యాంపుల దగ్గర చలిమంట వేయడం అలవాటు. ఒక్క నిప్పురవ్వ పడితే నైలాన్ కరిగి బఠాణీ గింజంత కన్నం పడుతుంది, అందులోంచి నూగు ఎగిరిపోతుంది. మంట దగ్గర కూర్చునేటప్పుడు జాకెట్ మీద పాత దుప్పటి కప్పుకోండి, లేదా జాకెట్ విప్పి దూరంగా పెట్టండి.

5. షాపులో వేసి చూడడం

ఇంటి నుంచి ఫ్లీస్, పలుచటి ఫుల్ చేతుల బనియను పట్టుకెళ్లండి. విశాఖలో డెకాత్లాన్‌కైనా, ఇంకెక్కడికైనా సరే. ఒక్క చొక్కా మీద వేసి సరిపోయిందని కొన్నది, కొండ మీద మూడు పొరల మీద బిగిసిపోతుంది. బిగిస్తే లోపలి నూగు నలిగి పొంగదు. అలాగని రెండు సైజులు పెద్దది తీసుకుంటే నడుము దగ్గరి నుంచి చల్లగాలి దూరుతూనే ఉంటుంది, ఆ ఖాళీని వేడి చేయడానికే ఒంటి వేడి పోతుంది.

పొరలన్నీ వేసి జిప్పు గడ్డం దాకా లాగాక రెండు చేతులూ పైకెత్తండి: జాకెట్ అంచు నడుము పైకి ఎక్కకూడదు. చేతులు ముందుకు చాచి మిమ్మల్ని మీరే కౌగిలించుకోండి: వీపు మీద, భుజాల కుట్ల దగ్గర లాగినట్టు ఉండకూడదు, మణికట్టు బయటపడకూడదు. గొంతుక్కూర్చోండి: ముందు భాగం కడుపు దగ్గర బిగుసుకుపోకూడదు. మంకీ క్యాప్ పెట్టుకుని దాని మీద హుడ్ వేసి తల పక్కకు తిప్పండి: హుడ్ మీ తలతో పాటు తిరగాలి, మీరు దాని లోపలి గుడ్డను చూస్తూ ఉండిపోకూడదు. ఆడవాళ్లు ఆడవాళ్ల కొలతలోనే చూడండి. మగవాళ్ల చిన్న సైజు తీసుకుంటే భుజాలు వదులై, తుంటి దగ్గర బిగుస్తుంది.

హుడ్ లేనిది తీసుకోవద్దు. అయిదువందలు మిగులుతుందని కాలర్ రకం కొన్నవాళ్లు గాలిలో మెడ వెనక చెయ్యి పెట్టుకుని నడుస్తారు.

జిప్పు వెనక నూగు నింపిన పట్టీ ఉందా చూడండి. లేకపోతే జిప్పు పొడవునా చలి గీత గీసినట్టు తగులుతుంది. జిప్పు పది పదిహేనుసార్లు వేగంగా లాగండి. పలుచటి గుడ్డ పళ్లలో ఇరుక్కుంటుంటే ఆ జాకెట్ వదిలేయండి, చీకట్లో, గ్లోవ్స్‌తో అది మిమ్మల్ని ఏడిపిస్తుంది. జిప్పు కొసన దారం తాడు లేకపోతే మీరే కట్టుకోవచ్చు. అంచున తాడు లాగి బిగించే వీలు, మణికట్టుకు సాగే పట్టీ, రెండు పక్క జేబులకు జిప్పులు ఉంటే చాలు. లోపల ఒక పెద్ద జేబు ఉంటే గ్లోవ్స్, ఫోను పెట్టుకోవచ్చు. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఒంటికి దగ్గరగా ఉంటే నిలుస్తుంది.

మధ్యరకం డౌన్ జాకెట్ 350 నుంచి 500 గ్రాముల లోపు బరువుండాలి. అదే వెచ్చదనం సింథటిక్‌లో కావాలంటే 600 దాకా ఒప్పుకోవచ్చు.

6. తాడు పట్టేవాళ్లకు, బండి నడిపేవాళ్లకు

రాతి ఎక్కుడు, మంచు ఎక్కుడు చేసేవాళ్లకు ఆగినప్పటి జాకెట్ అన్నిటి మీద నుంచి వేసుకునేదై ఉండాలి: హార్నెస్ (తాడు తగిలించే నడుము పట్టీ) మీద, రెయిన్ జాకెట్ మీద కూడా. అందుకే ఒక సైజు పెద్దది, హెల్మెట్ పట్టే హుడ్, కింది నుంచి కూడా తెరుచుకునే రెండు వైపుల జిప్పు చూడండి. కింది జిప్పు తెరిస్తే తాడు పట్టే పరికరం చేతికి అందుతుంది. తాడు రాపిడికి, రాయి గరుకుకు సింథటిక్ నయం. చిరిగినా దూది ఎగిరిపోదు.

మేఘాలు చూడటానికి తెల్లవారుజాము మూడింటికి బైకుల మీద వంజంగి బయల్దేరే కుర్రాళ్లకు అసలు చిక్కు గాలి. 10 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి 5 లాగా తగులుతుంది, అదీ గంటల తరబడి. పఫర్ ఒక్కటే వేసుకుంటే గాలి దాన్ని ఛాతీకి అదిమేస్తుంది, ముందువైపు పొంగే ఉండదు. పలుచటి సింథటిక్ లోపల, గాలి చొరని రైడింగ్ జాకెట్టో రెయిన్ జాకెట్టో పైన వేసుకోండి. గ్లోవ్స్, మెడకు గుడ్డ మర్చిపోతే జాకెట్ ఏదైనా ఒకటే.

7. టికెట్ ముందు రిహార్సల్

కొన్న వారంలోపు, మార్చుకునే గడువు ఉండగానే, ఇంట్లో సంచిలో గట్టిగా నొక్కి ఒక రాత్రి ఉంచండి. పొద్దున్న తీసి దులిపితే పావుగంటలో పొంగాలి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే ఖాళీ గదులు తెలిసిపోతాయి, పై భుజాల మీద ఖాళీ ఉంటే మార్చుకోండి. ఒకటి రెండు ఈకలు కుట్ల దగ్గర బయటికి రావడం మామూలే. వచ్చినదాన్ని బయటికి లాగొద్దు. లాగితే రంధ్రం పెద్దదై దాని వెంట ఇంకోటి వస్తుంది. వెనక వైపు గుడ్డను చిటికెతో పట్టి లోపలికి లాక్కోండి.

తర్వాత డిసెంబరులోనో జనవరిలోనో ఒక రాత్రి ఎస్.కోట మీదుగా అనంతగిరి, అరకు వెళ్లి తెల్లవారుజామున నాలుగింటికి గదిలోంచి బయటికి రండి. హిమాలయాలకు తీసుకెళ్లే పొరలన్నీ వేసుకుని, ఏమీ తినకుండా, కదలకుండా అరగంట కూర్చోండి. అరకులో 8 డిగ్రీల దగ్గర ఆ అరగంటలోనే వణుకు మొదలైతే మైనస్ 5కు ఆ సరంజామా చాలదు. వెచ్చగా, హాయిగా అనిపిస్తే అది మీకు పనికొస్తుందనడానికి పూర్తి రుజువు కాదు కానీ మంచి గుర్తే. ఏ పొర తక్కువైందో అక్కడే తెలుస్తుంది. చాలామందికి తక్కువయ్యేది జాకెట్ కాదు, కాళ్లకు, చేతులకు వేసుకునేవి.

కొండ మీద వాడేటప్పుడు ఒక్క అలవాటు చేసుకోండి. ఆగిన వెంటనే, చలి వేయకముందే, జాకెట్ వేసుకోండి. ఒళ్లు చల్లబడ్డాక వేసుకుంటే మళ్లీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. బయల్దేరే ముందు, కాస్త చలిగా ఉన్నా, విప్పేయండి. బ్యాగులో దాన్ని పైనే ఉంచాలి, దళసరి ప్లాస్టిక్ కవరులో కట్టి. డౌన్ జాకెట్ మీద బ్యాగు తగిలించుకుని నడిస్తే భుజాల పట్టీల కింద నూగు నలుగుతుంది, వీపు చెమట అంతా అందులోకే పోతుంది. రాత్రి స్లీపింగ్ బ్యాగు మీద దాన్ని దుప్పటిలా కప్పుకోవచ్చు. మీ ఊపిరి తగిలే ముఖం దగ్గర మాత్రం ఉంచొద్దు, ఊపిరిలోని తడి నూగులోకి చేరుతుంది.

8. ఉతకడం, దాచడం

మన సముద్రపు గాలిలో జాకెట్‌ను పాడుచేసేది చలికన్నా ఎక్కువగా తేమే. మంచి జాకెట్ కొని, ఇంటికొచ్చి నొక్కి సంచిలో కట్టి అటకెక్కించి, మరుసటి ఏడాది తీస్తే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది.

ఉతుకు ఏడాదికి ఒక్కసారి చాలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే ఉతకండి, అప్పుడు గాలి పొడిగా ఉంటుంది. వానాకాలంలో డౌన్ ఉతికితే ఆరకముందే వాసన పడుతుంది. మెడ, మణికట్టు మురికిని ముందుగా మెత్తటి బ్రష్‌తో సబ్బు నీళ్లతో తుడవండి. టబ్బులో గోరువెచ్చని నీళ్లు, 30 డిగ్రీలు మించకుండా. జిప్పులన్నీ వేసేయాలి. డౌన్‌కు ప్రత్యేకంగా అమ్మే ద్రవ సబ్బు మంచిది. మామూలు సర్ఫు పొడి నూగులోని సహజమైన నూనెను కడిగేస్తుంది, నూగు పెళుసవుతుంది. కంఫర్ట్ లాంటి ద్రవాలు వద్దు. పది నిమిషాలు నాననిచ్చి మెల్లగా పిసకండి, రాయి మీద బాదొద్దు. నురగ పోయేదాకా మూడు నాలుగు నీళ్లు మార్చండి. తడి డౌన్ చాలా బరువెక్కుతుంది, భుజాలు పట్టి ఎత్తితే లోపలి గోడలు తెగుతాయి. రెండు చేతులూ కింద పెట్టి ముద్దలా ఎత్తండి. పిండొద్దు, అదిమి నీళ్లు కార్చండి. ముందు తలుపున్న మెషీన్‌లో తక్కువ వేగంతో తిప్పొచ్చు. మధ్యలో నిలువు కమ్మీ ఉన్న పాత రకం మెషీన్‌లో వేస్తే చిరుగుతుంది.

తర్వాత నీడలో, చాప మీదో వల మంచం మీదో పరిచి ఆరబెట్టాలి. రెండు మూడు గంటలకోసారి తిప్పుతూ, లోపల ఉండలు కట్టిన నూగును వేళ్లతో విడదీయాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. పైకి పొడిగా అనిపించినా లోపల తడి ఉంటుంది. రెండు మూడు రోజులు పట్టొచ్చు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి కోడి ఈకల వాసన వస్తుంటే ఇంకా ఆరలేదని. డ్రయ్యర్ ఉన్నవాళ్లు తక్కువ వేడిలో రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి తిప్పితే బంతులు కొట్టిన దెబ్బలకు ఉండలు విడిపోతాయి. సింథటిక్‌కు ఇంత గొడవ లేదు, చల్లనీళ్లలో ఉతికి తీగ మీద వేస్తే చాలు. ఇస్త్రీ మాత్రం దేనికీ వద్దు.

దాచేటప్పుడు సంచిలో నొక్కొద్దు. హ్యాంగరుకు తగిలించండి, లేదా పాత దిండు గలీబులో వదులుగా పెట్టి బీరువాలో ఉంచండి. ప్లాస్టిక్ కవరు వద్దు, తేమ లోపలే చిక్కుకుంటుంది. కలరా ఉండల వాసన నూగుకు పట్టిందంటే పోదు. ఎండిన వేపాకు గుడ్డ మూటలో కట్టి పక్కన పెట్టండి. జూలై నుంచి అక్టోబరు దాకా నెలకోసారి, వాన లేని రోజు బయటికి తీసి రెండు గంటలు నీడలో గాలికి వేయండి. సముద్రానికి దగ్గరగా, భావనపాడు, కళింగపట్నం వైపు ఉండేవాళ్లు లోహపు జిప్పుకు అప్పుడప్పుడు కొవ్వొత్తి రుద్దుతుంటే ఉప్పు గాలికి బిగుసుకుపోదు.

చిన్న కన్నం పడితే దర్జీకి ఇచ్చి కుట్టించొద్దు. ప్రతి సూది పోటూ ఇంకో రంధ్రమే. నైలాన్‌కు అంటుకునే రిపేరు టేపు ముక్కను మూలలు గుండ్రంగా కత్తిరించి, చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ వచ్చేలా, గుడ్డను స్పిరిట్‌తో తుడిచి ఆరాక అతికించండి. ఒక రోజంతా మడవకుండా వదిలేయండి. మూలలు గుండ్రంగా ఉంటే అంచు లేవదు.